మూడుసార్లు చూసిన గడియ

రాత్రి పడుకునే ముందు మా అమ్మీ తలుపు గడియ మూడుసార్లు చూసేది. గడియ పెట్టగానే ఒకసారి. దీపం తగ్గించాక ఒకసారి. మంచమెక్కి, మళ్లీ దిగి వచ్చి ఇంకోసారి. ఆ తర్వాత నోట్లో ఏదో చదువుకుని మా నలుగురి మీదా ఊదేది. ఆ ఊపిరి ముఖానికి తగిలితే మాకు నిద్ర. ఆమెకు ఎప్పుడు నిద్ర పట్టేదో మాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. నిద్ర గురించి రాయడానికి కూర్చున్నాను. ఇదీ ఒక రాసే సంగతేనా అని మీకు అనిపించవచ్చు. మనం పేదరికం గురించి రాశాం. పరదా గురించి రాశాం, తలాఖ్ గురించి రాశాం. పేరు అడిగి 'ఇల్లు ఖాళీ లేదు' అన్నవాళ్ల గురించి రాశాం. ఆ పేరు మోసుకుని మంచమెక్కిన మనిషికి తెల్లారేదాకా ఎలా గడుస్తుందో మాత్రం ఎవరమూ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గు. నాకూ సిగ్గే. పదకొండేళ్లు ఎవరికీ చెప్పలేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. అబ్బా దర్జీ. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మసీదు సందులో మావాళ్ల ఇళ్లు ఏడెనిమిది. పక్కిల్లు గొల్లవాళ్లది. ఆ ఇంటాయన్ని మేం కాకా అనేవాళ్లం, ఆయన మా అబ్బాను అన్నా అనేవాడు. వాళ్లింట్లో పెళ్లయితే బట్టలన్నీ అబ్బానే కుట్టేవాడు. కూలి డబ్బుల్లో కొంత, జొన్నల్లో కొంత.

1992 డిసెంబర్ 6 ఆదివారం. నేను పదో తరగతి. ఆ రాత్రి అబ్బా రేడియోలో బీబీసీ ఉర్దూ వార్తలు పెట్టాడు. విన్నాక మిషను మీద గుడ్డ కప్పేశాడు. పండగ రోజు తప్ప ఆ మిషను మీద అంత తొందరగా గుడ్డ పడటం నేను చూడలేదు. హైదరాబాద్ పాతబస్తీలో ఉన్న మామూ నుంచి కబురు లేదు. మా ఊళ్లో ఏమీ జరగలేదు. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అయినా పెద్దవాళ్లు వంతులేసుకుని మసీదులో మేలుకుని కూర్చున్నారు. మూడో రాత్రి, ఎంత పొద్దుపోయిందో తెలియదు, మా తలుపు చప్పుడైంది. అమ్మీ లేచి చిన్న చెల్లెలి నోరు మూసింది. అబ్బా చీకట్లో తడుముకుని కత్తెర తీసుకున్నాడు. దర్జీల పెద్ద కత్తెర. రోజూ నా కళ్ల ముందు గుడ్డ కోసే కత్తెరే. ఆ రాత్రి దాన్ని ఆయన పిడికిట్లో చూసి వణికిపోయాను.

ఆ చప్పుడు నా చెవిలో ఉండిపోయింది.

తర్వాత చదువుకున్నాను. తెలుగు మీద ఇష్టంతో తెలుగు పండితుణ్ణయ్యాను. "సాయిబు సారు తెలుగు చెప్తడా!" అని పిల్లలు మొదట ఆశ్చర్యపోయేవాళ్లు, తర్వాత మరిచిపోయేవాళ్లు. పెద్దవాళ్లే మరిచిపోరు. హైదరాబాద్ అంచున బడి, సిటీలో అద్దె ఇల్లు, కొత్త సంసారం. అంతా కుదురుకుంటోందనుకున్నాను.

2007 మే 18, శుక్రవారం. జుమ్మా నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో కొందరు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. చనిపోయిందీ మావాళ్లే, ఆ తర్వాత పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. అలా పట్టుకుపోయిన వాళ్లలో చాలామంది నిర్దోషులని కొన్నేళ్లకు తేలింది. కాని ఆ రోజుల్లో ఎవరికి ఏం తెలుసు? మా వీధిలో ఒక పిల్లవాణ్ణి అర్ధరాత్రి లేపి తీసుకుపోయారని తెల్లారాక తెలిసింది. వారం తర్వాత ఇంటికొచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ వారం నుంచి రాత్రి ఒంటిగంటన్నరకు నాకు మెలకువ వచ్చేది. జీపు చప్పుడు కోసం చెవి రిక్కించి పడుకునేవాణ్ని. లేచి గడియ చూసేవాణ్ని. మూడుసార్లు. మూడోసారి గడియ మీద చెయ్యి వేసినప్పుడు అమ్మీ గుర్తొచ్చేది.

ఇక్కడ జరిగిన ఒక మార్పు నాకు చాలాకాలం తెలియలేదు. కొన్ని నెలలకు వీధి చల్లబడింది. నేను జీపు కోసం వినడం మానేశాను. కాని వినడం మానలేదు. ఇప్పుడు నిద్ర కోసం వింటున్నాను. వచ్చిందా? రాలేదా? గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది, అంటే రాలేదు. గడియారం చూడటం, లెక్కెయ్యడం. ఇప్పుడు పడితే నాలుగు గంటలు. ఇప్పుడు పడితే మూడున్నర. ఇప్పుడు పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే. మగ్రిబ్ అజాన్ వినపడగానే కడుపులో బరువు మొదలయ్యేది, రాత్రి వస్తోందని. పోలీసులకు భయపడి మేలుకున్నవాణ్ని, చివరికి మంచానికి భయపడటం మొదలుపెట్టాను.

అందరూ వైద్యులే. గసగసాల పాలు అన్నారు. తలకు నువ్వుల నూనె అన్నారు. అత్తగారు తావీజు కట్టించింది. నేనేమో పోయిన నిద్ర పూడ్చుకుందామని తొమ్మిదింటికే పడుకునేవాణ్ని. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పడుకునేవాణ్ని. బడిలో కళ్లు మూతలు పడకుండా సాయంత్రం దాకా చాయ్ మీద చాయ్. చివరికి మందుల షాపులో తెలిసినాయన ఒక మాత్ర ఇచ్చాడు. మొదటి రాత్రి స్వర్గం. ఆరు నెలలకు సగం మాత్ర ఒకటైంది, తర్వాత ఒకటిన్నర. ఒకసారి పెళ్లికి ఊరెళుతూ మాత్రలు మరిచిపోయాను. రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. షేర్వానీ గుండీ పెట్టుకోబోతే చేతులు వణికాయి.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? మావాళ్లకు చెబితే ఈమాన్ తక్కువైందంటారు. దేవుడి మీద భరోసా ఉన్నవాడికి నిద్ర రాకపోవడమేమిటి? బయటివాళ్లకు చెబితే ఇంకోలా ఉంటుంది. ఒకసారి స్టాఫ్ రూంలో, ఎవరి గురించో మాట్లాడుతూ, ఒక సారు నవ్వుతూనే అన్నాడు: "తప్పు చెయ్యనోడికి భయమెందుకండీ?" ఆ మాట నన్నని కాదు. కాని ఆ రోజుతో నా నోరు మూతపడింది. అందరికీ నిద్ర పట్టకపోతే రోగం. నాకు పట్టకపోతే అనుమానం!

ఒకరోజు ఆఖరి పీరియడ్. సంధులు చెప్తున్నాను. ముందు బెంచీలో ఒక పిల్లవాడు ఆవులించాడు. వెళ్లి చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు, నా వంక వింతగా చూశాడు. వాళ్ల నాన్న పాల వ్యాపారం, తెల్లవారుజామున మూడింటికి లేచి పాలు పోసి వస్తాడని తర్వాత తెలిసింది. నిద్రలేని నేను నిద్రలేని పిల్లవాణ్ణి కొట్టాను. మరునాడు వాడికి క్షమాపణ చెప్పాను. ఆ వారమే ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో చీటీ రాయించుకున్నాను. అది 2018.

డాక్టరమ్మ నా పేరు చూసి ఏమీ అనలేదు. గురక పెడతానా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా, మనసు మరీ దిగులుగా ఉంటుందా, ఏ మాత్రలు వాడుతున్నాను అని వరుసగా అడిగింది. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు మించి నిద్ర పట్టకపోతే దాన్ని పాతుకుపోయిన నిద్రలేమి అంటారట. నాది పదకొండేళ్లది. మొత్తం విని, స్పీల్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1987లో తోటివాళ్లతో కలిసి రాసిన సంగతి నాకర్థమయ్యేలా చెప్పింది. నిద్రలేమికి మూడు కారణాలుంటాయి. ముందునుంచీ మనలో ఉన్నది ఒకటి. దాన్ని రాజేసింది ఒకటి. ఆరిపోకుండా నిలబెడుతున్నది ఒకటి.

"ఎండుగడ్డి, అగ్గిపుల్ల, కట్టెలు అనుకోండి సార్. గడ్డి మీ చిన్నప్పటిది. అగ్గిపుల్ల మీరు గియ్యలేదు. కట్టెలు మాత్రం రోజూ మీరే వేస్తున్నారు."

నాకు కోపం వచ్చింది. నా రాత్రులన్నీ ఈ దేశం పాడుచేసిందని నమ్ముతున్నవాణ్ని. నువ్వే అంటే ఒప్పుకుంటానా? ఇంటికొచ్చి ఆలోచించాను. తొమ్మిదింటికి పడుకోవడం, గడియారం చూడటం, మధ్యాహ్నపు నిద్ర, సాయంత్రం చాయ్, మాత్ర. కట్టెలన్నీ లెక్కకు దొరికాయి.

రెండు వారాలు లెక్క రాయమంది. రాశాను. మంచం మీద ఉండేది తొమ్మిది గంటలు, నిద్రపోయేది అయిదున్నర. "అయితే అయిదున్నర గంటలే మంచమెక్కండి" అంది. నిద్ర లేనివాణ్ని ఇంకా తగ్గించమంటుందేమిటి! అప్పుడు వివరించింది. మేలుకున్న ప్రతి గంటా మెదడులో నిద్ర ఒత్తిడి పోగవుతుంది. తొందరగా పడుకుంటే, పగలు పడుకుంటే, ఆ ఒత్తిడిని చిల్లరగా ఖర్చు చేసుకున్నట్టు. చాయ్‌లోని కెఫీన్ ఆ ఒత్తిడి మెదడుకు తెలియకుండా అడ్డుపడుతుంది. తాగిన అయిదారు గంటలకు కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఆరింటి ఇరానీ చాయ్ రాత్రి పదకొండింటికి సగం కప్పు మిగిలి ఉన్నట్టే.

లేచే వేళ మాత్రం మారకూడదంది. ఫజర్‌కు లేస్తానన్నాను. ఫజర్ వేళ ఏడాది పొడవునా మారుతుంది కదా అని ఆవిడే అడిగింది. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. హైదరాబాద్‌లో జూన్‌లో సూర్యుడు 5:40 ప్రాంతంలో ఉదయిస్తాడు, జనవరిలో 6:45 దాటాక. అయిదింటికి లేస్తే ఎండాకాలం నమాజు దాటిపోదు, చలికాలం కాసేపు అజాన్ కోసం కూర్చోవాలి. అలా రాత్రి పదకొండున్నర నుంచి అయిదు వరకూ ఖాయమైంది.

మిగతా నియమాలు: గడియారం గదిలోంచి తీసెయ్యాలి. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. ఓ పావుగంట గడిచిందనిపించి, నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి. కళ్లు బరువెక్కాకే తిరిగి రావాలి. రాత్రికి ఎన్నిసార్లయినా సరే. బూట్‌జిన్ అనే ఆయన 1972లో చెప్పిన పద్ధతి ఇది. మంచం అంటే మేలుకుని బాధపడే చోటని నా ఒళ్లు నేర్చుకుంది. ఆ పాఠం మరిపించాలి. పంతులుగా ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది.

మాత్రను ఒక్కసారిగా మానొద్దంది. ఆ జాతి మాత్రలు హఠాత్తుగా ఆపితే ప్రమాదం. ఆవిడ చెప్పినట్టు నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించాను. మూర్ఛ ఉన్నవాళ్లు, మనసు ఉద్రేకానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బున్నవాళ్లు, రాత్రంతా బండి నడిపేవాళ్లు ఈ నిద్ర తగ్గించే పద్ధతి సొంతంగా చేయకూడదు. ఈ వ్యాసం చదివి ఎవరూ మొదలుపెట్టొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాతుకుపోయిన నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఈ చికిత్సే ఇవ్వాలని అమెరికా వైద్యుల కాలేజీ 2016లో సూచించింది. మన దగ్గర మాత్ర దొరికినంత సులభంగా ఇది దొరకదు.

మొదటి పది రోజులు నరకం. సోఫాలో కూర్చుని మా బడి పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దేవాణ్ని. నా భార్య లేచి వచ్చి చూసి, ఏమీ అనకుండా శాలువా కప్పి పోయేది. రెండో వారం చివర ఒక రాత్రి పదకొండున్నరకు పడుకున్నవాణ్ని, అలారం మోగితే లేచాను. మధ్యలో ఏమీ గుర్తులేదు. వజూ చేస్తూ ఏడ్చాను. మంచం మీది సమయంలో నూటికి 85 పాళ్లు నిద్ర ఉంటే పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. నాలుగు నెలలకు ఆరున్నర గంటలకు చేరాను.

అయినా కొన్ని రాత్రులు పాత భయం వచ్చేది. ఆ ఏడాది రంజాన్‌లో నాకొక సంగతి తోచింది. షబే ఖదర్ రాత్రి తెల్లవార్లూ మేలుకుంటాం. ఆ రాత్రి నిద్ర రాకపోతే ఎవరికీ బాధ లేదు. నిద్ర వస్తుందేమోనని బాధ! నేను కూడా ఖురాన్ ముందు కునికిపాట్లు పడ్డాను. పదకొండేళ్లు నిద్ర కోసం ఏడ్చినవాణ్ని, మేలుకోవాలనుకున్న రాత్రే నిద్ర ఆపుకోలేకపోయాను. మర్నాడు అలసట ఉంది, భయం లేదు. నిద్రపోని రాత్రి మనిషిని చంపదని అప్పుడు నా ఒంటికి తెలిసింది. డాక్టరమ్మకు చెబితే నవ్వి, నిద్ర రానివాణ్ని కావాలని మేలుకోమనే చికిత్స కూడా ఉందంది. విక్టర్ ఫ్రాంకల్ అనే వియన్నా డాక్టరు చెప్పిన ఉపాయమట. ఆయన నాజీల క్యాంపులు దాటి బతికిన యూదుడు. భయం సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మరి ఎండుగడ్డి? దాని గురించీ అడిగాను. "ఆ భయం మీ ఒక్కరిదీ కాదు. మీ ఒక్కరికి చికిత్స చేస్తే పోయేదీ కాదు" అంది. ఆ మాటన్నందుకు ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. రాత్రి దాన్ని మోయొద్దు, పగలు దానికి ఒక వేళ ఇవ్వండి అంది. అసర్ తర్వాత అరగంట నోట్‌బుక్ ముందేసుకుని భయాలు రాయడం అలవాటు చేసుకున్నాను. నా చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా ఇళ్లలో అర్ధరాత్రులు ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి, కాగితాల కోసం. మా అబ్బా పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. చట్టం కుడివైపు రాశాను. అబ్బా పేరు ఎడమవైపు రాశాను. పగలు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ పేరు దిద్దించాను. ఎడమవైపు ఒక గీత కొట్టాను. కుడివైపుది అలాగే ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా వాడి గురించి. వాడిప్పుడు పదో తరగతి. 1992లో నా వయసే. మొన్న రాత్రి నీళ్లు తాగడానికి లేస్తే తలుపు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. చెయ్యి గడియ మీద ఉంది.

"క్యా బేటా?"

"నీంద్ నై ఆరీ అబ్బా."

ఇంకో చేతిలో ఫోను. ఎక్కడో ఎవర్నో కట్టేసి కొడుతున్న వీడియో. మా అబ్బాకు రేడియో రోజుకు ఒక్కసారే వార్త చెప్పేది. వీడికి ఫోను రాత్రంతా చెప్తూనే ఉంటుంది. ఫోను తీసుకుని పక్కన పెట్టాను. ఇద్దరం సోఫాలో కూర్చున్నాం.

"ఆ రాత్రి దాదా కత్తెర తీసుకున్నాక ఏమైంది?" అని అడిగాడు.

ఆ కథ వాడికి చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ కత్తెర దగ్గరే ఆపేశానని అప్పుడు తెలిసింది. ఎందుకు ఆపానో నాకే తెలియదు. మిగతాది ఆ రాత్రి చెప్పాను.

తలుపు అవతలి నుంచి గొంతు వినిపించింది. "అన్నా, నేనే. తలుపు తియ్యి." పక్కింటి కాకా. భుజాన గొంగడి, చేతిలో కర్ర. "పిల్లల్ని పండుకోబెట్టు. నేను గీ అరుగు మీద పంట. ఎవడొస్తడో సూస్త." అబ్బా కత్తెర వెనక్కి దాచుకున్నాడు. కాకా చూశాడు కాని చూడనట్టే ఉన్నాడు. నాలుగు రాత్రులు మా అరుగు మీద పడుకున్నాడు. ఆ నాలుగు రాత్రులూ అమ్మీ గడియ ఒక్కసారే చూసింది. మేమందరం నిద్రపోయాం.

మా వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడు మన అరుగు మీద ఎవరు పడుకుంటారు?" అన్నాడు.

అపార్ట్‌మెంటులో అరుగు లేదు. నా దగ్గర జవాబూ లేదు. కాకా అరుగు మీద పడుకున్నంత మాత్రాన కూలిన మసీదు లేచి నిలబడలేదు. కాకాలాంటి వాళ్లున్నారు కదా, ఇంకేం భయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాకు కావలసింది కాపలా ఉన్న నిద్ర కాదు, కాపలా అక్కరలేని నిద్ర. అది డాక్టరమ్మ ఇవ్వలేదు, తావీజు ఇవ్వలేదు. అది మనందరం కలిసి, పగటిపూట, మెలకువగా ఉండి సంపాదించుకోవలసింది. కాని సగం కథ చెప్పి పిల్లల చెవిలో చప్పుడు మాత్రమే వదిలిపెట్టే హక్కు నాకు లేదు. చప్పుడు వెనకాల వచ్చిన గొంతు కూడా వాడికి ఇవ్వాలి.

వాడు లేచి మళ్లీ గడియ వైపు చూశాడు.

"ఒకసారి చాలు బేటా" అన్నాను.

వెళ్లి పడుకున్నాడు. నాకు వెంటనే నిద్ర రాలేదు. రాకపోతే పోనీ అనుకుని, దిద్దాల్సిన పుస్తకాలు ముందేసుకున్నాను.